రెండో పేజీలో క్రేను

ఉద్యోగానికి అర్జీ పెట్టాలనుకున్న వాళ్లకి ఆ చుట్టుపక్కల నాలుగు వీధుల్లో ఎవర్ని అడిగినా ఒకటే మాట చెప్పేవాళ్లు: "ముందు టైపక్క దగ్గరికి పో." ఆమె అసలు పేరు ఎవరికీ అవసరం పడలేదు. బస్టాండు వెనక సందులో, తాళాలు చేసేవాడి బండికీ కళ్లద్దాల షాపుకీ మధ్య ఇరుక్కున్న జిరాక్స్ కొట్లో పదిహేడేళ్లుగా కీబోర్డు ముందు కూర్చుంటోంది. కూర్చుంటోంది అనడం మాట వరసకే. ఒక పేరా కొట్టి లేస్తుంది, ప్రింటరు ట్రేలో కాగితాల అంచులు సర్దుతుంది, మళ్లీ కూర్చుంటుంది. కూర్చున్నంతసేపూ కుడికాలు ఆడుతూనే ఉంటుంది. "ఆ కాలికో కుట్టుమిషను తగిలిస్తే రోజుకి నాలుగు చొక్కాలు కుట్టెయ్యొచ్చు" అనేవాడు కొట్టు ఓనరు. ఆయన్ని ఆమె బాబాయి అంటుంది, వరస ఏమీ లేకపోయినా.

ఆ కొట్లోకి ఆమె మొదట వచ్చింది పనికి కాదు. పెళ్లయిన కొత్తలో మొగుడి బయోడేటా టైపు చేయించడానికి వచ్చింది. మొగుడు టైల్స్ మేస్త్రీ. ఆ రోజు టైపు చేసే మనిషి రాలేదు. "మిషనుంది గానీ నాకు కొట్టడం రాదమ్మా" అన్నాడు బాబాయి. "మిషనుంది కదా, చాలు" అని కూర్చుంది. ఒక్క వేలితో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, ఒక పేజీకి మూడు గంటలు పట్టింది. చివరి లైనులో ఉండగా కరెంటు పోయింది. సేవ్ చేయడమనేది ఒకటుందని ఆమెకప్పటికి తెలీదు. మర్నాడు వచ్చి మొదటి నుంచీ మళ్లీ కొట్టింది. వెళ్లబోతుంటే బాబాయి అడిగాడు, "రేపు కూడా వస్తావా?" అని. వచ్చింది. అంతే, ఇంక మానలేదు. అట్టముక్క మీద కీబోర్డు బొమ్మ గీసుకుని, పొయ్యి మీద అన్నం ఉడికేలోగా దాని మీద వేళ్లు తిప్పేది. ఎవరూ నేర్పలేదు. చెడగొట్టి, దిద్దుకుని, ఇంకోలా చెడగొట్టి నేర్చుకుంది.

బయోడేటాల విషయంలో ఆమెకి కొన్ని పట్టింపులున్నాయి. వచ్చిన మనిషి "కష్టపడే తత్వం, నిజాయితీ, అందరితో కలిసిపోయే గుణం అని వెయ్యక్కా" అనగానే కీబోర్డు మీంచి చేతులు తీసేసేది.

"అవి వేస్తే దొంగకీ నీకూ తేడా ఏముంది? వాడూ నిజాయితీపరుణ్ణనే రాయిస్తాడు. నువ్వెలాంటివాడివో నాకొద్దు. ఏం చేశావో చెప్పు. ఎన్ని చేశావు? దేంతో చేశావు? నువ్వు రాని రోజు అక్కడ ఏం ఆగిపోతుంది?"

ఆ చివరి ప్రశ్నకి చాలామంది తెల్లమొహం వేసేవాళ్లు. ఒక వాచ్‌మన్ అయితే, "నేనేం చేస్తానక్కా, కుర్చీలో కూర్చుంటా" అన్నాడు. ఆమె వదల్లేదు. ఎన్ని తలుపులు, ఎన్ని తాళాలు అని తవ్వగా తవ్వగా, నూట నలభై తాళంచెవులు ఆయన నడుముకే ఉంటాయనీ, ఏది ఏ గదిదో చూడకుండా వేలితో తడిమి చెప్తాడనీ బయటపడింది. అదే రాసింది. ఆయనకి గోడౌన్లో స్టోరు చూసుకునే పని దొరికింది. ఇస్త్రీ చేసే ఒకావిడ కాగితంలో "పదకొండేళ్లలో కాల్చిన బట్టలు: ఒకటి" అని కొట్టింది. ఆవిడ లబలబలాడింది. "ఆ ఒకటి కూడా చెప్పాలా?"

"ఆ ఒకటి చెప్పావు కాబట్టే మిగతావి కాల్చలేదంటే నమ్ముతారు."

ప్రింటు తీశాక స్కేలు పెట్టి, చివరి లైను నుంచి మొదలుపెట్టి పైకి చదివేది. పైనుంచి చదివితే కళ్లు జారిపోతాయనీ, కిందినుంచి ఎక్కితే ప్రతి మెట్టూ కాలికి తగుల్తుందనీ ఆమె లెక్క. ఆ స్కేలు అంచు అరిగి అంకెలు కూడా పోయాయి.

ఒక్క పని మాత్రం ఆమె కూడా టైపు కొట్లన్నిటిలాగే చేసేది. కొత్త మనిషి వస్తే ఖాళీ కాగితం తెరిచేది కాదు. పాత మనిషి ఫైలు తెరిచి, పేరు చెరిపి, అక్కడ కొత్త మనిషిని కూర్చోబెట్టేది. గీతలు, అంచులు, శీర్షికలు అన్నీ ముందే ఉంటాయి, పని తొందరగా తెములుతుంది. ఆఖర్న వేరే పేరుతో సేవ్ చేస్తే పాతది పాతగానే ఉంటుంది, కొత్తది కొత్తదవుతుంది. స్కేలు చేతిలో ఉన్నంతకాలం ఆ పద్ధతి వల్ల ఎవరికీ ఏ నష్టమూ జరగలేదు.

ఆ నెల మొదట్లో బాబాయి ఒక మధ్యాహ్నం టీ గ్లాసు చేతిలో పట్టుకుని, తాగకుండా, "అమ్మాయ్, నెలాఖరుకి కొట్టు ఇచ్చేస్తున్నానే" అన్నాడు. ఫోన్లు బాగుచేసేవాళ్లు తీసుకుంటున్నారట. ఆయనకి కళ్లు కనపడటం తగ్గింది, షట్టరు ఎత్తడానికి పక్కవాణ్ణి పిలవాల్సి వస్తోంది. ఆమెకి ఆయన మీద కోపం రాలేదు. కానీ ఇల్లు గుర్తొచ్చింది. ఇంట్లో మేస్త్రీ మోకాళ్లు అరిగిపోయి రెండు నెలలుగా మంచం పట్టుకునున్నాడు. ఇంకెప్పుడూ గొంతుక్కూర్చుని టైల్స్ వెయ్యకూడదని డాక్టరు తేల్చి చెప్పాడు. ఇంటికి మిగిలింది ఆమె పని ఒక్కటే, ఇప్పుడదీ పోతోంది.

పెద్దాసుపత్రి రికార్డు గదిలో సహాయకురాలి పోస్టు ఒకటి పడింది. శుక్రవారం సాయంత్రం అయిదింటికి గడువు. రోగుల ఫైళ్లు దాచడం, అడిగితే తీసివ్వడం, తిరిగొచ్చిన కాగితాలు వాటి చోట్లో పెట్టడం పని. ఆ పని తనకోసమే పుట్టిందనిపించింది ఆమెకి. కంప్యూటర్లో ఫైళ్లకి ఆమె పెట్టుకున్న పేర్లు "వంతెన కింద వెల్డరు", "కవలల నాన్న", "నవ్వితే దగ్గొచ్చే డ్రైవరు". మనుషులకి తేదీలు గుర్తుండవు. ఆరేళ్ల తర్వాత వచ్చి "అప్పుడోసారి వచ్చానక్కా" అన్నా నిమిషంలో తీసిచ్చేది.

ఇంతా తెలిసిన మనిషి, తన బయోడేటా రాయమంటే మూడు రోజులు కాలు కాలిన పిల్లిలా తిరిగింది.

పేరు కొట్టి లేచేది. టోనరు కుదిపి చూసేది. గిరాకీ వస్తే ప్రాణం లేచొచ్చేది. ఆ మూడు రోజుల్లో అదే పోస్టుకి అర్జీ పెట్టుకోవడానికి లైబ్రరీలో పుస్తకాలు సర్దే ఒకమ్మాయి వచ్చింది. టైపక్క ఆ పిల్లని గంటసేపు ప్రశ్నలతో తిప్పలు పెట్టి, అరల్లో తప్పుచోట పెట్టిన పుస్తకాలని వారానికెన్ని పట్టుకుంటుందో లెక్క కక్కించి, చక్కగా కొట్టిచ్చింది. ఆ పిల్ల వెళ్లాక ఆ కాగితం తల్చుకుంటే, ఉద్యోగం ఆ పిల్లకే ఇవ్వాలనిపించింది. తనదేమో ఇంకా పేరు దగ్గరే ఉంది.

గురువారం మధ్యాహ్నం ఇంక లాభం లేదని క్రేను ఆపరేటరు ఫైలు తెరిచింది. ఆ ముందురోజే కొట్టిన కాగితం అది, అంచులు బాగా కుదిరాయి. మొదటి పేజీలో అతని వివరాలన్నీ చెరిపి తన పేరు కొట్టింది. కింద ఏం రాయాలో తోచలేదు. చేతులు వాటంతటవే "కష్టపడే తత్వం" అని కొట్టాయి. చెవులు వేడెక్కాయి. అయినా చెరపలేదు. "అందరితో కలిసిపోయే గుణం" అని కూడా కొట్టి, ప్రింటు తీసి, రెండో పేజీ చివర "పై వివరాలన్నీ నిజమని ధ్రువీకరిస్తున్నాను" అన్నచోట సంతకం పెట్టి, కాగితాలు కవర్లో తోసి, మధ్యాహ్నం విరామంలో ఆసుపత్రికి పరుగెత్తి ఇచ్చేసి వచ్చింది. స్కేలు డ్రాయర్లోనే ఉంది. బాబాయి కొట్టు ఇచ్చేస్తానన్న రోజు నుంచీ అది డ్రాయర్లోనే ఉంది. ఆ సంగతి ఆమెకి అప్పుడు తట్టలేదు.

నాలుగున్నర కావస్తుండగా క్రేను ఆపరేటరు వచ్చాడు. బక్కపల్చటి మనిషి. ఇరవై టన్నుల ఇనుము ఎత్తేవాడంటే ఎవరూ నమ్మరు.

"అక్కా, రేపు పొద్దున్న ఎనిమిదింటికే రమ్మన్నారు. ఇంకో రెండు కాపీలు తియ్యి. నిన్నటివి వాన్లో నాశనమయ్యాయి."

"అయిదు నిమిషాలు" అంటూ అతని ఫైలు తెరిచింది. పైన తన పేరుంది.

ఏదో పొరపాటున వేరేది తెరిచాననుకుని మూసి మళ్లీ తెరిచింది. మళ్లీ తన పేరే. వేరే పేరుతో సేవ్ చేయలేదు. అతని ఫైలు మీదే తనది పడిపోయింది. రెండో పేజీకి దిగింది. నాలుగో లైను: "ఇరవై టన్నుల క్రేను నడిపిన అనుభవం తొమ్మిదేళ్లు. ఎత్తుమీద పనికి వైద్య ధ్రువపత్రం కలదు." దాని కింద నిజమని ధ్రువీకరణ. ఆ కింద, ఆసుపత్రిలో ఇచ్చిన కాగితం మీద, తన సంతకం.

ఆపరేటరు భుజం మీంచి వంగి చదివాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు.

"అయితే అక్కా, నువ్వూ మా లైన్లోకే వస్తున్నావన్నమాట! చెప్పొద్దూ, సీట్లో కూర్చుంటే కింద మనుషులు చీమల్లా కనపడతారు."

"నోర్ముయ్యి తమ్ముడూ."

"రికార్డు గదిలో కాగితాలు క్రేనుతో ఎత్తుతారేమో, ఎవరికి తెలుసు?"

ఆమె మొహం చూసి నవ్వు ఆపేశాడు. గోడ గడియారం వైపు చూశాడు. ఆసుపత్రి ఆఫీసు అయిదింటికి మూస్తారు. నడిచి వెళ్తే పావుగంట.

"నువ్వు వెళ్లిరా అక్కా. నా కాగితం ఏముందిలే, రేపు నోటితో చెప్పుకుంటా."

ఆమె అప్పటికే లేచి సంచీ భుజానికి తగిలించుకుంది. గుమ్మం దాకా వెళ్లింది. రెండడుగులు బయటికీ వేసింది. అక్కడ ఆగి, వెనక్కొచ్చి, సంచీ తీసి మేకుకి తగిలించింది.

"కూర్చో."

"అక్కా, నీ..."

"పోగొట్టింది నేను. కూర్చోమన్నానా! ఎక్కడ మొదలుపెట్టావు? మొదటి క్రేను ఏది?"

మొదటి నుంచీ మళ్లీ అడిగింది, మళ్లీ కొట్టింది. ఈసారి ఖాళీ కాగితం మీద. మధ్యలో అయిదు కొట్టింది గడియారం. ఇద్దరూ తలెత్తలేదు. చివర్లో డ్రాయరు తెరిచి స్కేలు తీసి, కిందినుంచి పైకి చదివింది. ఆపరేటరు కాపీలు తీసుకుని వెళ్తూ గుమ్మంలో ఆగాడు.

"ఒక మాట చెప్తా వింటావా అక్కా? రెండో పేజీ ఎవరు చదువుతారు? నువ్వు వెళ్లి చెప్పావనుకో, గుమ్మడికాయ దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టుంటుంది. ఊరుకో. ఆ దేవుడే చూసుకుంటాడు."

"దేవుడికి టైపు రాదుగా" అంది ఆమె.

ఇంటికెళ్తే మేస్త్రీ మంచం మీద కాళ్లు చాపుకుని, మోకాళ్ల మీద వేడినీళ్ల సంచీ పెట్టుకునున్నాడు. ఆమె చెప్పింది. చెప్తూ గిన్నెలు తోమింది, తోమినవే మళ్లీ తోమింది. ఆయన అంతా విని, "అబ్బో, నా పెళ్లాం క్రేను నడుపుతుందని నాకే తెలీదే" అన్నాడు.

"నువ్వూ మొదలెట్టావా?"

"సరే, మొదటి పేజీలో ఏం రాశావు?"

ఆమె ఇంకో గిన్నె అందుకుంది.

"ఏమే, అడిగేది నిన్నే."

"కష్టపడే తత్వం" అంది, గిన్నె వైపు చూస్తూ.

మేస్త్రీ ఈసారి నవ్వలేదు. "ఊరందరికీ వద్దన్న మాట నీకెలా పనికొచ్చిందే?"

"నాకేముందయ్యా రాయడానికి? ఒకే కొట్టు. ఒకే కుర్చీ."

"వాచ్‌మన్‌కీ ఒకే కుర్చీనేగా! ఇలా రా. ఆ గిన్నెకి చిల్లు పడుతుంది, వదిలెయ్యి. కాగితం తెచ్చుకో. గోడ వంకర పోయిందంటే పైన సున్నం పూస్తే సరిపోతుందా? మొదటి వరస పీకాలి. చెప్పు, పదిహేడేళ్లలో ఎన్ని కొట్టావు?"

"లెక్క లేదు."

"అలా అంటే నువ్వు ఒప్పుకుంటావా ఎవరినైనా?"

ఆమె కుర్చీ అంచున కూర్చుంది. కాలు ఆడుతోంది. రోజుకి ఇంతన్నది, నెలకి ఇంతన్నది. మేస్త్రీ తగ్గించమన్నాడు. తగ్గించినా ఇరవై వేలు దాటాయి. ఎవరైనా పాత కాగితం అడిగితే ఎంతసేపట్లో తీస్తావన్నాడు. ఎన్నిసార్లు దొరకలేదన్నాడు. "రెండు" అంది, "ఒకటి తర్వాత దొరికింది."

"మరి నువ్వు రాని రోజు అక్కడేం ఆగిపోతుంది?"

"ఏమీ ఆగదు. జనం రేపొస్తామని వెళ్లిపోతారు. నేను వెళ్లేదాకా ఆగుతారు."

"అదే రాయి" అన్నాడు మేస్త్రీ.

ఒక పేజీ చాలింది. రెండో పేజీ అవసరం పడలేదు. పడుకోబోతుండగా ఆమెకి ఇంకో ముల్లు గుచ్చుకుంది. స్కేలు డ్రాయర్లోకి వెళ్లి మూడు వారాలయింది. ఆ మూడు వారాల్లో తను ఒక్కతే క్రేనెక్కిందని నమ్మకమేమిటి?

శుక్రవారం తెల్లవారగానే బాబాయి ఇంటికెళ్లి తాళంచెవి తెచ్చుకుని కొట్టు తెరిచింది. ఆ మూడు వారాల్లో కొట్టిన నలభై ఆరు కాగితాలూ ఒక్కోటీ తెరిచి, తెర మీద స్కేలు ఆనించి, కిందినుంచి చదువుకుంటూ పోయింది. నలభై నాలుగు శుభ్రంగా ఉన్నాయి. ఒక ప్లంబరు కాగితంలో ఫొటోగ్రాఫరు కెమెరా మిగిలిపోయింది. అతనింకా ఎక్కడా ఇవ్వలేదు, ఫోను చేసి కొత్తది తీసుకెళ్లమంది. రెండోది లైబ్రరీ అమ్మాయిది. రెండో పేజీలో, ఎవరో హోటల్లో పనిచేసే అతని లైను: "రెండు చేతుల్లో ఆరు ప్లేట్లు పట్టుకుని వడ్డించగలను."

ఆ పిల్ల కాగితం మంగళవారమే ఆసుపత్రికి వెళ్లిపోయింది.

టైపక్క లేచింది. షట్టరు దాకా వెళ్లి వచ్చింది. ఉన్నది ఒకే పోస్టు. ఆ పిల్లకి తెలీదు. ఆసుపత్రి వాళ్లు ఆరు ప్లేట్లు చూసి పక్కన పెడితే పెడతారు, ఎవరి పనో ఎవరికీ తెలీదు. ఆ ఆలోచన ఎంతసేపు ఉందో గానీ, ఉన్నంతసేపూ ముళ్ల మీద నిలబడినట్టే అనిపించింది. ఫోను తీసింది.

"అక్కా, ఇంత పొద్దున్నే?" అంది ఆ పిల్ల. విషయం విని, "అయ్యో, నేనూ చదవలేదక్కా. నువ్వు కొట్టావు కదా అని..." అని ఆగిపోయింది. ఆ మాట తిట్టినదానికంటే ఎక్కువ తగిలింది. "ఇప్పుడు నేనేం చెయ్యాలి?"

"నువ్వేం చెయ్యకు. రాసింది నేను, దిద్దేదీ నేనే. నీ అర్జీ నంబరు చెప్పు."

"నలభై ఒకటి."

ఆసుపత్రి ఆఫీసు తెరిచే వేళకి ఆమె కిటికీ ముందుంది. కిటికీ వెనక కాగితాలు తీసుకునే గుమస్తా, రిజిస్టరు మీద గీతలు గీసుకుంటున్నాడు. కొత్త బయోడేటా ముందుకి తోసింది.

"నిన్న ఇచ్చానండీ, అరవై మూడు. అందులో తప్పుంది. అది తీసి ఇది పెట్టండి."

"లోపలికెళ్లింది బయటికి రాదమ్మా."

"పోనీ ఇది కూడా తీసుకోండి."

గుమస్తా పెన్నుతో గోడ మీది కాగితం చూపించాడు. ఒకరికి ఒకే అర్జీ. రెండు ఇస్తే రెండూ చెల్లవు. "ఇచ్చేస్తా అంటే నాదేం పోయింది, తీసుకుని ముద్ర వేస్తా. తర్వాత నన్నడగొద్దు."

వెనక వరసలో ఎవరో గొంతు సవరించుకున్నారు. పదిహేడేళ్లలో తన గురించి మొదటిసారి సరిగ్గా రాసుకున్న కాగితం అది. దాన్ని మడిచి సంచీలో పెట్టుకుంది.

"ఉత్తరం తీసుకుంటారా? అర్జీ కాదు. ఉత్తరం."

"ఉత్తరాలు ఎన్నయినా తీసుకుంటాం. చదివేవాళ్లు చదువుతారు."

పక్కన బెంచీ మీద కూర్చుని, సంచీలోంచి ఖాళీ కాగితం తీసి చేత్తో రాసింది.

"రికార్డుల అధికారిగారికి. నా అర్జీ నంబరు అరవై మూడు, రెండో పేజీ నాలుగో లైనులో ఉన్న క్రేను అనుభవం నాది కాదు. నా దగ్గర టైపు చేయించుకున్న మరొకరిది. అతని ఫైలు మీద నాది కొట్టి, ఆ లైను తీయలేదు, చదవకుండా సంతకం పెట్టాను. నంబరు నలభై ఒకటి రెండో పేజీలో ఉన్న ఆరు ప్లేట్ల లైను కూడా నేను మిగిల్చిందే. ఆ అమ్మాయి తప్పు లేదు, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. మూడు వారాలుగా నేను చివరి చదువు చదవడం మానేశాను. ఆ మూడు వారాల కాగితాలు నలభై ఆరూ ఈ ఉదయం తిరిగి చదివాను. తప్పులు దొరికినవి మొత్తం మూడు, నాదీ కలుపుకుని. అందరికీ చెప్పాను."

ఉత్తరం మీద ముద్ర పడింది. ఆమె బయటికొచ్చి, మెట్ల మీద ఎక్కడ కూర్చోవాలో తెలియనట్టు నిలబడి, తిన్నగా కొట్టుకి వెళ్లిపోయింది.

తర్వాత తొమ్మిది రోజులు ఫోను మోగితే చాలు, ప్రింటరు మూత చేతిలోంచి జారేది. బాబాయి సామాన్లు కట్టడం మొదలుపెట్టాడు. ఆమె పాత ఫైళ్లన్నీ ఒక్కోటీ చదివి, ఎవరివి వాళ్లకి ప్రింటు తీసి, కబురు పెట్టి ఇచ్చేసింది. క్రేను ఆపరేటరు వచ్చి పని దొరికిందని చెప్పాడు. "నీకింకా పిలుపు రాలేదా? చెప్పానా, భుజాలు తడుముకోవద్దని!" అన్నాడు. ఆమె అతని కాగితం అతని చేతిలో పెట్టి, "సీట్లో కూర్చున్నప్పుడు కింద చీమల్ని చూసుకుని ఎత్తు" అంది.

పదో రోజు పిలుపొచ్చింది.

రికార్డు గది ఆసుపత్రి నేలమాళిగలో ఉంది. పైకప్పు దాకా ఇనుప అరలు, అరల నిండా అట్ట ఫైళ్లు, నడవడానికి ఒక మనిషి పట్టే దారి. ఆ గదిని చూసుకునే మేడం జుట్టు బిగించి కట్టుకున్న పొట్టి మనిషి. కూర్చోమని కూడా అనలేదు. బల్ల మీద టైపక్క ఉత్తరం ఉంది.

"మీ బయోడేటా చూశాను. అందులో ఏమీ లేదు" అంది మేడం.

"అవునండీ."

"పోస్టు ఆ లైబ్రరీ అమ్మాయికిచ్చాం. చదువు, మార్కులు, అన్నీ ఆ అమ్మాయికే ఎక్కువ. ఆ ప్లేట్ల లైను కమిటీ వాళ్లు పట్టుకున్నారు. మీ ఉత్తరం చూపిస్తే వదిలారు."

ఇంటికి మిగిలిన ఒక్క దారీ మూసుకుపోయింది. అయినా ఆమె తల ఊపింది. "మంచి పిల్లండీ. తప్పు చోట ఉన్నదాన్ని ఇట్టే పట్టేస్తుంది" అంది. అనేశాక అది నిజమేనని తోచి, కాస్త ఊపిరాడింది. ఇంక వెళ్లొచ్చేమోనని సంచీ సర్దుకుంది.

"ఆగండి. తిరిగి చదివానన్నారే, నలభై ఆరు. ఎవరు చదవమన్నారు?"

"ఎవరూ అనలేదండీ. ఒకటి దొరికితే ఇంకోటి ఉంటుంది."

మేడం అర వైపు చెయ్యి చూపింది. "ఇక్కడ వారానికి నాలుగైదు కాగితాలు ఒకరి ఫైల్లోవి ఇంకొకరి ఫైల్లోకి పోతాయి. పెట్టినవాళ్లకి తెలుస్తుంది. చెప్పరు. ఏడాది తర్వాత డాక్టరు అరుస్తాడు, అప్పుడు వెతుకుతాం. పాతవన్నీ మొదటి నుంచీ చదివి సరిచూడ్డానికి ఒక మనిషి కావాలని మూడేళ్లుగా పైవాళ్లని అడుగుతున్నాను. అవసరమేముంది అంటారు. మొన్న ఈ ఉత్తరం జత చేసి పంపించాను. ఏడాదికి ఒప్పుకున్నారు. ఏడాది మాత్రమే. ఆ తర్వాత ఉంటుందో లేదో నేను చెప్పలేను. వస్తారా?"

టైపక్క అరల వైపు చూసింది. కింది వరస నుంచి పైకప్పు దాకా చూసింది.

"ఎన్నున్నాయండీ?"

"లెక్క లేదు."

"ముందు లెక్క పెట్టాలి" అంది ఆమె.

మేడం పెదవి చివర కొంచెం కదిలింది. "పై అరలకి నిచ్చెనెక్కాలి. ఎత్తుమీద పనికి మీకు వైద్య ధ్రువపత్రం ఉందిగా?"

సోమవారం పొద్దున్న ఆమె వెళ్లేసరికి లైబ్రరీ అమ్మాయి ముందే వచ్చి ఉంది. "అక్కా!" అని ఎదురొచ్చి, ఏమనాలో తెలీక సంచీ అందుకుంది. టైపక్క సంచీలోంచి అంచు అరిగిన స్కేలు తీసింది. అది వదిలేసి రమ్మంటే బాబాయి మీద అలిగి మరీ తెచ్చుకుంది. ఆమె సంచీలో ఆ ఒక్క పేజీ బయోడేటా కూడా ఉంది. దాన్ని ఎవరూ అడగలేదు. ఏడాది తర్వాత కావాల్సి రావచ్చు.

కింది అరలో మొదటి ఫైలు తీసి బల్ల మీద పెట్టింది. కుర్చీ లాక్కుని కూర్చుంది. బల్ల కింద కుడికాలు ఆడటం మొదలుపెట్టింది. అట్ట తిరగేసి, చివరి కాగితం మీద, చివరి లైను కింద స్కేలు పెట్టింది.